డబ్బా మూత తీసే ముందు



కిందటి నెల మా వీధి తలుపుకి పాత గడియ తీసి కొత్తది బిగించాల్సి వచ్చింది. టేకు తలుపు. గడియ ఊడదీశాక నాలుగు మేకు బెజ్జాలు, వాటి పక్కన వేలెడు పొడుగున ఒక చీలిక మిగిలాయి. వడ్రంగి మేస్త్రి సంచిలోంచి చిన్న రేకు డబ్బా తీశాడు. మూత అంచు కింద ఉలి మొన పెట్టి, ఇక లేపుతాడనగా ఆగి, ఇంట్లోకి తొంగి చూశాడు. హాల్లోనే ఒక మూల మా దేవుడి గూడు. పొద్దున్న పెట్టిన దీపం ఇంకా వెలుగుతోంది.

"అమ్మా, ఆ దీపం కొండెక్కాక తీస్తాను మూత. ఈలోగా స్క్రూలు బిగించుకుంటా" అన్నాడు.

ఎందుకు నాయనా అని అడిగాను. "దీనికి నిప్పు పడదమ్మా" అన్నాడు. అంతకు మించి చెప్పలేదు. దీపం కొండెక్కింది. మూత లేచింది. గోళ్లరంగు సీసా విప్పినప్పుడు వచ్చే వాసనే, దానికి పదింతలు, గుప్పున వచ్చింది. లోపల గోధుమరంగు ముద్ద. రేకు బ్లేడుతో కాస్త తీసి బెజ్జంలో అదిమి, పైన ఒక్క గీటు గీశాడు. పది నిమిషాల్లో పైపొర గట్టిపడింది. సాయంత్రానికి ఎమరీ కాగితం పెట్టి రుద్దితే ఆ చోటు చెక్కతో కలిసిపోయింది.

అతను ఆ ముద్దని లప్పం అన్నాడు. దుకాణంలో వుడ్ ఫిల్లర్ అంటారు. ఇందులోనే ఎన్‌సీ రకమని, థిన్నర్ రకమని కూడా అంటారు. ఇంతకీ ఆ డబ్బాలో ఏముంది? ఆ వాసన దేనిది? దీపం కొండెక్కేదాకా అతను ఎందుకు ఆగాడు? ఈ మూడు ప్రశ్నలకూ జవాబు ఒకచోటే ఉంది. దాన్ని మీతో పంచుకోవాలని వచ్చాను.

ముందు మన కొండపల్లి వెళదాం. విజయవాడ పక్కనే ఉన్న ఆ ఊళ్లో తెల్ల పొణికి కర్రతో బొమ్మలు చేస్తారు. చేతులు, తలలు, కాళ్లు విడివిడిగా చెక్కి అతికిస్తారు. ఆ అతుకుల్లో, సందుల్లో పెట్టే ముద్దకి మక్కు అని పేరు. చింతగింజల పొడితో చేసిన జిగురులో రంపపు పొట్టు కలిపితే మక్కు తయారవుతుంది. ఎండితే గట్టిపడుతుంది. దాన్ని సానబెట్టి, సుద్ద పూసి, రంగులు వేస్తారు.

ఈ మక్కులో మూడు వస్తువులున్నాయి. చోటు నింపడానికి పొట్టు. పొట్టుని పట్టి ఉంచడానికి చింతగింజల జిగురు. రెండింటినీ ముద్దగా కలిపి, పని అయ్యాక ఆవిరై పోవడానికి నీళ్లు. నింపేది, పట్టేది, పోయేది. ఈ మూడు మాటలూ గుర్తుంచుకోండి. మా మేస్త్రి చేతిలోని రేకు డబ్బాలోనూ ఉన్నవి ఈ మూడే. కాకపోతే చింతగింజల చోట పత్తి, నీళ్ల చోట మరో ద్రవం వచ్చి చేరాయి. పత్తి ఏమిటి, చెక్క లప్పంలో ఎందుకుంటుంది అనుకుంటున్నారు కదా. ఆ కథకే వస్తున్నాను.

ముందుగా నింపేదాని సంగతి. ఇందులో ప్రధానంగా ఉండేది చెక్క పిండి. రంపపు మిల్లులో రాలే పొట్టునో, చెక్క ముక్కలనో పిండిలా మెత్తగా మర పట్టించి, జల్లెడ పట్టి వాడతారు. దానితోపాటు సుద్ద పొడి, టాల్కం రాయి పొడి, తెల్ల బంకమన్ను, కొన్నింట్లో ఇసుకరాయి పొడి కూడా కలుపుతారు. చెక్క పిండి ఎక్కువుంటే ఎండిన ముద్ద తేలిగ్గా ఉంటుంది, ఉలికి, రంపానికి లొంగుతుంది, మేకు దిగుతుంది. రాతి పొడి ఎక్కువుంటే నునుపు బాగా వస్తుంది, ఎండినప్పుడు తక్కువ ముడుచుకుంటుంది. రంగు కోసం ఇనుము కలిసిన మట్టి రంగులు వేస్తారు. పసుపుపచ్చ, ఎర్ర, గోధుమ మట్టి రంగుల పాళ్లు మారిస్తే ఒకటి టేకు, ఒకటి రోజ్‌వుడ్, ఇంకొకటి వాల్‌నట్ అవుతుంది.

ఇక పట్టేది. ఈ రకం లప్పంలో చాలా కాలంగా వాడుతున్న జిగురు నైట్రోసెల్యులోజ్. ఎన్‌సీ అనే రెండక్షరాల అర్థం ఇదే. దీన్ని పత్తితో చేస్తారు. పత్తి జిన్నింగు మిల్లులో దూది తీశాక గింజకి పొట్టి నూగు అంటుకునే ఉంటుంది. బట్టకి పనికిరాని ఆ నూగే దీనికి ముడిసరుకు. కలప గుజ్జు కూడా వాడతారు. రెండింటిలోనూ ఉండేది సెల్యులోజే.

మామూలు దూదిని నీళ్లలో వేసినా, కిరోసిన్‌లో వేసినా కరగదు. మన బట్టలు ఉతుకుడికి తట్టుకునేది అందుకే. కానీ అదే దూదిని గాఢమైన నత్రికామ్లం, గంధకామ్లం కలిపిన ద్రవంలో ముంచి, తీసి, బాగా కడిగి ఆరబెడితే చూపుకి మళ్లీ దూదిలాగే ఉంటుంది, గుణం మాత్రం పూర్తిగా మారిపోతుంది. ఇప్పుడది అసిటోన్‌లో వేస్తే చక్కెర పాకంలా కరుగుతుంది. నిప్పు తగిలితే ఒక్క క్షణంలో భగ్గుమంటుంది.

ఈ గుణాన్ని 1846లో లోకానికి తెలిపినవాడు స్విట్జర్లండ్‌లోని బాసెల్ నగరంలో పనిచేసిన రసాయన శాస్త్రవేత్త క్రిస్టియన్ షోన్‌బైన్. అప్పట్లో దానికి వచ్చిన పేరు తుపాకీ పత్తి. దూదికి ఎంత నత్రజని ఎక్కించారన్న దాన్నిబట్టి దాని దారి మారుతుంది. బరువులో 13 శాతం దాటితే అది తుపాకీ మందు. 11, 12 శాతం దగ్గర ఆపితే రంగుకీ, మెరుగుకీ, లప్పానికీ పనికొచ్చే జిగురు. మన పొరుగున నీలగిరి కొండల్లో, అరవంకాడులో, 1903లో మొదలైన, కార్డైట్ అనే తుపాకీ మందు కర్మాగారం మొదటి దారిలోది. మా వీధి తలుపు బెజ్జంలో కూర్చున్నది రెండో దారిలోది. రెండూ ఒకే ఇంటి బిడ్డలు.

రెండో దారిలో ఈ పదార్థం ఎన్ని వేషాలు వేసిందో చూడండి. ఈథర్, ఆల్కహాల్ కలిపిన ద్రవంలో కరిగించి గాయాల మీద పూస్తే పలచని పొరగా ఎండి గాయాన్ని కాపాడింది. కర్పూరం కలిపి వేడిచేస్తే సెల్యులాయిడ్ అయింది. అమెరికాలో జాన్ వెస్లీ హయట్ 1870 ప్రాంతంలో దాన్ని నిలదొక్కుకునే పరిశ్రమగా చేశాడు. దువ్వెనలు, బొమ్మలు, తర్వాత సినిమా రీళ్లు దాంతోనే వచ్చాయి. తొలినాటి సినిమా రీళ్లు అంత తేలిగ్గా అంటుకోవడానికి కారణం ఇదే. గోళ్లరంగులో పొర కట్టేదీ ఇదే. డబ్బా మూత తీయగానే నాకు గోళ్లరంగు గుర్తుకు రావడం వట్టి ఊహ కాదు, రెండూ దగ్గరి చుట్టాలు.

ఒక్క నైట్రోసెల్యులోజే ఉంటే ఎండిన ముద్ద అప్పడంలా పెళుసుగా ఉంటుంది. చెక్క వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం కుంచించుకుంటుంది. దానితోపాటు కాస్తయినా కదలకపోతే లప్పం పగిలి రాలిపోతుంది. అందుకని ముద్దని మెత్తబరిచే నూనెలాంటిది ఒకటి కలుపుతారు. పాత కాలం నుంచి ఆ పని చేస్తున్నవాటిలో ఒకటి ఆముదం. మన మహబూబ్‌నగర్, నల్లగొండ వైపు మెట్టచేలల్లో పండే ఆముదమే.  కర్పూరాన్ని కూడా ఇదే పనికి వాడారు. తర్వాత థాలేట్లు అనే రసాయనాలు వచ్చాయి. వాటిలో కొన్ని శరీరంలోని హార్మోన్లని చెదరగొడతాయని తేలడంతో చాలా దేశాలు వాటి వాడకాన్ని అదుపులో పెట్టాయి. చివరగా, చెక్కకి బాగా అంటుకోవడానికి పైన్ చెట్టు బంక నుంచి తీసే రోజిన్‌ని కొద్దిగా మార్చి కలుపుతారు.

లెక్క చూడండి. చెక్క పిండి, పత్తి నూగు, ఆముదం, చెట్టు బంక, మట్టి రంగులు. చేలోనో, అడవిలోనో, నేలలోనో పుట్టినవే అన్నీ.  ఇప్పుడు మూడోదానికి వద్దాం. పోయేది.

పైన చెప్పినవన్నీ కలిపితే పొడి పొడిగా ఉంటాయి తప్ప ముద్ద కావు. వాటిని ముద్దగా చేసేది ద్రావణి. మేస్త్రీల భాషలో థిన్నర్. ఇందులో ముఖ్యమైనది అసిటోన్. మన నీళ్లు 100 డిగ్రీలకి మరిగితే అసిటోన్ 56 డిగ్రీలకే మరుగుతుంది. అందుకే మూత తీయగానే ఎగరడం మొదలుపెడుతుంది. అదొక్కటే ఉంటే ముద్ద బ్లేడు మీదే బిగుసుకుపోతుంది. అందుకని నెమ్మదిగా ఎగిరేవాటిని కూడా కలుపుతారు. బ్యూటైల్ ఎసిటేట్ 126 డిగ్రీలకి మరుగుతుంది. గోళ్లరంగులో అరటిపండు లాంటి తియ్యటి వాసన దానిది. టోలుయీన్ 111 డిగ్రీలకి మరుగుతుంది. కొన్నింట్లో ఆల్కహాల్ ఉంటుంది. త్వరగా పోయేది, నిదానంగా పోయేది పాళ్లు కుదిర్చి కలపడమే ఈ లప్పం తయారీలో అసలు నేర్పు.

ఈ ద్రావణుల వెనక ఒక యుద్ధం ఉంది. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటన్‌కి కార్డైట్ అనే తుపాకీ మందు చేయడానికి అసిటోన్ కావలసి వచ్చింది, సరిపడా దొరకలేదు. మాంచెస్టర్‌లో పనిచేస్తున్న ఖయీమ్ వైజ్‌మన్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక సూక్ష్మజీవి చేత మొక్కజొన్న పిండిని పులియబెట్టించి అసిటోన్ తీసే పద్ధతి చూపాడు. తర్వాత ఇజ్రాయెల్‌కి మొదటి అధ్యక్షుడైంది ఆయనే. అయితే అలా పులియబెట్టినప్పుడు ఒక పాలు అసిటోన్ వస్తే రెండు పాళ్లు బ్యూటనాల్ వచ్చేది. యుద్ధంలో దానితో ఎవరికీ పనిలేదు. యుద్ధం ముగిశాక కథ తిరగబడింది. బ్యూటనాల్‌తో బ్యూటైల్ ఎసిటేట్ చేస్తే నైట్రోసెల్యులోజ్‌ని చక్కగా కరిగించి, నిదానంగా ఆరే ద్రావణి దొరికింది. దాంతో త్వరగా ఆరే కారు రంగులు వచ్చాయి. 1924 మోడల్ ఓక్లండ్ కార్లు ఆ రంగుతోనే రోడ్డెక్కాయి. వారాలు పట్టే పని గంటల్లోకి దిగింది. డబ్బాలో దొరికే చెక్క ముద్ద బజారుకెక్కిందీ ఆ దశకంలోనే. ఇప్పుడు అసిటోన్ చాలామటుకు పెట్రోలియం నుంచి వస్తోంది.

ఇప్పుడు మా తలుపు బెజ్జంలో ఏం జరిగిందో తేలిగ్గా చెప్పుకోవచ్చు. ముద్ద పెట్టగానే అసిటోన్ ఎగిరింది. వెనకాల బ్యూటైల్ ఎసిటేట్, టోలుయీన్ నెమ్మదిగా బయలుదేరాయి. కరిగి ఉన్న పత్తి జిగురు దగ్గరికి చేరి చెక్క పిండి రేణువులని పట్టుకొని బిగుసుకుంది. ఇందులో కొత్త పదార్థమేదీ పుట్టలేదు. పోవాల్సింది పోయింది, మిగలాల్సింది మిగిలింది, అంతే. డబ్బాలో గట్టిపడ్డ ముద్దకి థిన్నర్ పోసి కలిపితే మళ్లీ మెత్తబడటం ఇందువల్లే. గట్టిపరిచే మందు విడిగా కలిపి వాడే పాలియెస్టర్ రకం లప్పం అలా కాదు. అక్కడ రసాయన చర్య జరుగుతుంది, ఒకసారి బిగిస్తే మళ్లీ కరగదు.

ఈ ఒక్క సంగతి తెలిస్తే మేస్త్రీలు పాటించే పద్ధతులన్నిటికీ అర్థం తెలుస్తుంది. ద్రావణి పోయిన మేర ముద్ద కుంగుతుంది. అందుకే బెజ్జం అంచుకి సమంగా కాకుండా ఒక పిసరు ఎత్తుగా పెడతారు. లోతైన బెజ్జాన్ని ఒకేసారి నింపితే పైపొర ముందు ఎండి మూతలా బిగుసుకుంటుంది, లోపలి ద్రావణి బందీ అవుతుంది, రోజులు గడిచాక కుంగుతుంది, పగులుతుంది. అందుకే మూడు నాలుగు మిల్లీమీటర్ల పొరలుగా, ఒకటి ఆరాక ఒకటి పెట్టాలి. వానాకాలంలో, ముఖ్యంగా కోస్తా ఊళ్లలో, ఇంకో చిక్కు వస్తుంది. అసిటోన్ ఎగిరేటప్పుడు వేడిని లాగేసుకుంటుంది, ముద్ద చల్లబడుతుంది. చల్లటి గ్లాసు బయట చెమర్చినట్టు గాల్లోని తేమ దాని మీద చేరుతుంది. జిగురు విరిగి తెల్లబారుతుంది. ముసురు రోజున మేస్త్రి పని వాయిదా వేస్తానంటే బద్ధకం అనుకోకండి. అతను రసాయన శాస్త్రం చదవకపోయినా దాన్ని పాటిస్తున్నాడు.

మరొకటి. ఎండిన లప్పంలో చెక్క పిండి ప్రతి రేణువు చుట్టూ జిగురు పొర ఉంటుంది. అందుకే పైన వేసే రంగు పాలిష్‌ని చెక్క తాగినట్టు అది తాగదు. మచ్చ తేలుతుంది. ముందుగా పనికిరాని చెక్క ముక్క మీద పెట్టి, పాలిష్ వేసి చూసుకోవడం మంచిది. బరువు మోసే చోట, కీలు బిగించే చోట ఈ ముద్దని నమ్ముకోకూడదు. అక్కడ అదే జాతి చెక్క ముక్కని కొలిచి, అతికి, చిత్రిక పట్టడమే పని.

ఇక దీపం దగ్గరికి వద్దాం.

కిరోసిన్ ఆవిరి నిప్పురవ్వకి అంటుకోవాలంటే కిరోసిన్ 35 డిగ్రీల పైచిలుకు వేడెక్కాలి. అసిటోన్‌కి ఆ హద్దు సున్నాకి దాదాపు 20 డిగ్రీలు కిందనే ఉంది. అంటే మన ఊళ్లో, ఏ కాలంలోనైనా, ఏ గదిలోనైనా అది అంటుకోవడానికి సిద్ధంగా ఉన్నట్టే. పైగా దాని ఆవిరి గాలికంటే రెట్టింపు బరువు. పొగలా పైకి పోదు. నేల మీద పరుచుకొని కంటికి కనపడకుండా పాకుతుంది. గది ఇవతల డబ్బా, అవతల దీపం ఉన్నా మధ్యలో దారి వేసుకోగలదు. మా మేస్త్రి ఒక్క మాటలో చెప్పిన నిప్పు పడదు అన్నదానికి ఇంత అర్థం ఉంది.

ఎండిపోయాక కూడా ఈ ముద్ద తేలిగ్గా మండుతుంది. లప్పంగా డబ్బాలో ఉన్నది పేలదు, ఆ భయం అక్కర్లేదు. కానీ దీని మూల పదార్థం పొడిబారితే ఎంతపని చేస్తుందో లోకం ఒకసారి చూసింది. ఫ్యాక్టరీల మధ్య రవాణా చేసేటప్పుడు నైట్రోసెల్యులోజ్‌ని ఎప్పుడూ ఆల్కహాల్‌తోనో, నీళ్లతోనో తడిపి ఉంచుతారు. 2015 ఆగస్టు 12 రాత్రి చైనాలోని టియాంజిన్ రేవులో, ఒక కంటైనర్‌లో ఆ తడి ఆరిపోయి నైట్రోసెల్యులోజ్ తనంతట తానే వేడెక్కి అంటుకుంది. పక్కనున్న రసాయనాలకి పాకింది. చనిపోయినవాళ్లు, ఆచూకీ దొరకనివాళ్లు కలిపి 173 మంది. వాళ్లలో ఎక్కువమంది మంటలార్పడానికి వెళ్లినవాళ్లే.

నిప్పు కంటికి కనపడే ప్రమాదం. కనపడనిది ఇంకొకటుంది, నన్ను ఎక్కువగా బాధించేది అదే. పోయేది ఎక్కడికి పోతుంది? గాల్లోకి అంటాం. ఆ గాలిని పీల్చేవాళ్లున్నారు కదా. అసిటోన్ ఎక్కువైతే తల తిరుగుతుంది, తలనొప్పి వస్తుంది, చేతుల చర్మం పొడిబారి పగులుతుంది. టోలుయీన్‌ని ఏళ్ల తరబడి పీలిస్తే నరాలు, మెదడు దెబ్బతింటాయి. గర్భిణులు అసలు దాని దరిదాపుల్లో ఉండకూడదు. ఆరాక రుద్దినప్పుడు లేచే దుమ్ము సంగతి వేరే. చెక్క దుమ్ముని క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1995లోనే చేర్చింది. ఇసుకరాయి పొడి ఉన్న లప్పమైతే ఊపిరితిత్తులకి ఇంకా చేటు.

మన నగరాల్లో కొత్త అపార్టుమెంట్లలో చెక్కపని చేసేవాళ్లలో చాలామంది దూరపు ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు. పని చేసే ఫ్లాటులోనే వండుకుంటారు, అక్కడే పడుకుంటారు. పగలంతా లప్పం పని, సీలర్, లాకర్ పూతల పని. రాత్రి అదే గదిలో, అదే నేల మీద చాప. ఆవిరి పరుచుకునేది నేల మీదనే అని ఇందాక చెప్పుకున్నాం. పక్కన వంట స్టవ్వు. దుమ్ము వీధిలోకి పోతుందనో, పక్కింటివాళ్లు వాసన అంటారనో కిటికీలు మూయించే యజమానులని నేను చూశాను. ఒకప్పుడు మా ఇంట్లో నేనూ మూయించాను. ఆ రోజు ఆ గదిలో ఉన్న మనుషుల గురించి ఆలోచించలేదు. ఈ మాట చెప్పడానికి సిగ్గుపడుతున్నాను, అయినా చెప్పాలి.

అందుకని పని చేయించే మనందరికీ నా మనవి. లప్పం పెట్టే రోజున ఎదురెదురు కిటికీలు తెరిపించండి. ఫ్యాను గాలి గదిలోంచి బయటికి పోయేలా పెట్టించండి. స్టవ్వు, దీపం, అగరొత్తి ఆ పూటకి ఆపండి. పాత బట్ట కాదు, ఆవిరిని ఆపే మాస్కు కొనివ్వండి. దుమ్ము మాస్కు ఆవిరిని ఆపదు, ఆవిరి మాస్కు ఖర్చు తలుపు ఖర్చులో ఒక లెక్కలోది కాదు. రాత్రి పడుకోవడానికి వేరే గది చూపించండి. థిన్నర్‌తో చేతులు కడుక్కోనివ్వకండి, కొబ్బరినూనె రాసి సబ్బు పెట్టి కడుక్కోమనండి. లోపలి తలుపులకి, అలమరాలకి నీళ్లతో చేసిన లప్పం సరిపోతుందేమో మేస్త్రిని అడగండి. అది ఆరడానికి ఇంకొంచెం సమయం పడుతుంది. పోయేది నీళ్లు కనుక ఆ ఆలస్యం భరించదగినదే. కొండపల్లి వాళ్లు తరతరాలుగా మక్కు ఆరేదాకా ఓపిక పట్టారు కదా.

గడియ మార్చిన రోజున మాత్రం నేను మేస్త్రి చెప్పినట్టే విన్నాను. రెండు తలుపులూ బార్లా తీసి, పని అయ్యేదాకా వాకిట్లో కూర్చున్నాం. పొద్దు వాలేసరికి వాసన పోయింది. అతను వంగి, గడప దగ్గర నేలకి ముక్కు ఆనించినంత పని చేసి, గాలి పీల్చి చూశాడు. లేచి చేతులు దులుపుకున్నాడు.

"ఇక దీపం పెట్టుకోండమ్మా" అన్నాడు.